సుబ్బూకి, మోచేయి సంగతి

ఒరేయ్ సుబ్బూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. అందులో మోచేయి గురించి పావు వంతు, మిగతాదంతా డాక్టరు మీద తిట్లే. "జన్మలో టెన్నిస్ బ్యాట్ ముట్టుకోనివాడికి టెన్నిస్ ఎల్బో ఏంట్రా" అనే కదా నీ గోల! ఈ నొప్పితో ఫిజియోథెరపిస్టునైన నా దగ్గరికి వచ్చేవాళ్ళలో టెన్నిస్ ఆడేవాళ్ళు కనపడరు. నీలా రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పేవాళ్ళు, దుప్పట్లు పిండేవాళ్ళు, మౌస్ పట్టుక్కూర్చునేవాళ్ళే. చాలామంది నలభై దాటినవాళ్ళు, అంటే మన బ్యాచే.

మణికట్టుని వెనక్కి లేపే కండరాల్లో చాలావరకు మోచేతి బయటి వైపు ఎముక మీద ఒక చిన్న చోట అతుక్కుని ఉంటాయి. ఏది గట్టిగా పట్టుకున్నా అవి బిగుసుకుంటాయి. అందుకే పని వేళ్ళది, నొప్పి మోచేతిది. నెలల తరబడి సాగితే అక్కడ వాపు కన్నా టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు) పోగులు చెదిరిపోవడమే ఎక్కువ.

అమ్మాయి పెళ్ళిలోపు తగ్గాలి, ఇంజెక్షన్ వేయించుకోనా అన్నావు. స్టెరాయిడ్ వేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ 2013లో ఆస్ట్రేలియా వాళ్ళు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఉత్త సెలైన్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళ కన్నా స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళకే ఏడాదిలోపు నొప్పి బాగా తిరగబెట్టింది. పెళ్ళికి బాగుండి, పండక్కి మళ్ళీ నా దగ్గరికే వస్తావు.

నా వృత్తి గురించి కూడా నిజం చెప్పాలిగా. ఏమీ చేయకపోయినా ఏడాదిలో చాలామందికి తగ్గిపోతుంది. నేను చేయగలిగింది ఆ ఏడాదిలో నీ చేయి నీ పనికి అక్కరకొచ్చేలా ఉంచడం. నువ్వు దుకాణం మూసుకుని కూర్చోలేవు కదా, అందుకే చెబుతున్నా.

ముంజేయి టేబుల్ మీద ఆనించి, అరచేయి కిందికి పెట్టు. మణికట్టు అంచు దాటి బయటికి ఉండాలి. ఎడం చేత్తో కుడిచేతి వెనక వైపు అదిమి పట్టి, కుడిచేయి పైకి లేపబోతూ కదలనివ్వకుండా 30 నుంచి 45 సెకన్లు ఉండు. నాలుగైదు సార్లు చాలు. అది తేలికైపోయాక అదే భంగిమలో అర లీటరు నీళ్ళ సీసా పట్టుకో. పైకి లేపేటప్పుడు ఎడం చేయి సాయం చేస్తుంది, దించేటప్పుడు మాత్రం కుడిచేయి ఒక్కటే, నాలుగైదు అంకెలు లెక్కపెట్టుకుంటూ మెల్లగా. 15 సార్లు చొప్పున మూడు విడతలు. తర్వాత సీసా బదులు కిలో బరువు. చేస్తుంటే పదికి మూడు, నాలుగు పాళ్ళు నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు ఎక్కువైతే బరువు తగ్గించు, మానేయకు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. "పూర్తిగా రెస్ట్ ఇవ్వు" అన్నవాడి మాట వినకు. టెండన్‌కి కొద్దికొద్దిగా బరువు అలవాటు చేస్తేనే బలం వస్తుంది.

మీ ఊళ్ళో పది సిట్టింగుల ప్యాకేజీ అన్నావే, నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్, సన్నగా కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ... ఆ మెషిన్లు నా దగ్గరా ఉన్నాయి. ఆ పూటకి కాస్త ఉపశమనం, అంతే. వ్యాయామం చెప్పకుండా మెషిన్ మాత్రమే పెడితే డబ్బు దండగ.

మోచేతి బెల్టు కొంటే సరిగ్గా మోచేతి మీద కాదు, రెండు వేళ్ళ వెడల్పంత కిందికి కట్టు. పనిలో ఉన్నప్పుడే, రాత్రి తీసెయ్యి. వేళ్ళు తిమ్మిరెక్కితే వదులు చెయ్యి. స్క్రూడ్రైవర్ పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టు, పిడి లావైతే పట్టు తేలిక. స్క్రూలు ఎక్కువున్న చోట బ్యాటరీ మిషను వాడరా పిసినారీ! బరువులు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉండేలా చూసుకో.

మెడ నుంచి నొప్పి దిగుతున్నా, చేయి తిమ్మిరెక్కుతున్నా, వేళ్ళు పైకి లేవకపోయినా ఆగకుండా డాక్టర్ని కలువు, అది నరం గొడవ కావచ్చు. సచిన్‌కి ఆపరేషన్ అయింది కదా అని భయపడకు. అతనికి 2004లో మొదలై 2005లో లండన్‌లో ఆపరేషన్ దాకా వెళ్ళింది నిజమే, కానీ అంత బరువు బ్యాటుతో రోజూ ఆడే చేయి వేరు. మనకి ఆరు నెలలు, ఏడాది వ్యాయామాలకి లొంగకపోతేనే ఆ మాట.

పెళ్ళిలో సాంబారు బకెట్టు మాత్రం పట్టుకోకు, బావమరుదులకి అప్పగించు. వ్యాయామం చేస్తూ వీడియో తీసి పంపు, మణికట్టు ఎలా పెడుతున్నావో చూస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి