నానో పొడికి పరీక్ష మన బోరు నీళ్లతోనే పెట్టాలి

ఎడిటర్ గారికి,

తాగునీళ్లలోని ఫ్లోరైడ్‌ను పట్టేసే నానో పొడి గురించి వార్త వచ్చినప్పుడల్లా మన నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఆశ లేస్తుంది. ఆ ఆశకు తగిన వివరం మాత్రం వార్తలో ఉండడం లేదు. ఎంత శాతం ఫ్లోరైడ్ పోయిందో రాస్తారు, ఏ నీళ్లలో పోయిందో రాయరు. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసే పరీక్ష వేరు, మన బోరు నీళ్లతో చేసే పరీక్ష వేరు. ఈ పొడులను తయారుచేసి పరీక్షించే పనిలో ఉన్నవాళ్లం కనుక ఆ తేడా ఎక్కడ వస్తుందో రాస్తున్నాం.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి మన నల్లగొండ పేరే ఉంది. అందులో పని చేసేది పటికలోని అల్యూమినియమే. లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది, అడుగున మడ్డి మిగులుతుంది, కొలత తప్పితే అల్యూమినియం నీళ్లలోనే నిలిచిపోతుంది. కోర్‌-షెల్ నానో కణంలో అదే లోహాన్ని ఆక్సైడ్ రూపంలో ఒక అయస్కాంతపు గింజ మీద పొట్టులా అంటిస్తారు. గింజ మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్. పొట్టు ఫ్లోరైడ్‌ను పడుతుంది, గింజ ఉండబట్టి పొడినంతా అయస్కాంతంతో వెనక్కి లాగవచ్చు. ఆలోచన మంచిదే, చిక్కంతా చేతల్లో ఉంది.

గింజ చేయడం పెద్ద కష్టం కాదు. 5.4 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 2 గ్రాముల ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ తీసుకోవాలి. మరగకాచి గాలి పోగొట్టిన 100 మి.లీ. నీళ్లలో వాటిని కరిగించి, నైట్రోజన్ వదులుతూ 80 డిగ్రీల దగ్గర 25 శాతం అమ్మోనియా 12 మి.లీ. పోస్తే ద్రావణం క్షణంలో నల్లబడుతుంది. 2.3 గ్రాముల దాకా మాగ్నటైట్ వస్తుంది. గోధుమరంగు వచ్చిందంటే గాలి చొరబడింది, లేదా ఫెర్రస్ క్లోరైడ్ సీసా పాతబడింది. మాగ్నెటిక్ స్టిర్రర్ వాడితే సరుకంతా దాని పూసకే అంటుకుంటుంది. పైనుంచి రెక్క తిరిగే స్టిర్రరే కావాలి.

పొట్టు దగ్గరే పని చెడుతుంది. పొట్టుకు వాడే అల్యూమినియం నైట్రేట్ ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం) 3 చుట్టుపక్కల ఉంటుంది. గింజను నేరుగా అందులో వేస్తే ఇనుము కరగడం మొదలవుతుంది. అందుకే ముందు పలచటి సిలికా పూత వేయాలి. గ్రాము గింజకు 160 మి.లీ. ఇథనాల్, 40 మి.లీ. నీళ్లు, 3 మి.లీ. అమ్మోనియా, బొట్టుబొట్టుగా సిలికానిచ్చే టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్ అర మి.లీ. వేసి ఆరు గంటలు కలపాలి. ఇది 1968లో శాస్త్రవేత్త స్టోబర్ బృందం చూపిన దారే. దీనితో ఇంకో మేలుంది. తటస్థ నీళ్లలో సిలికా మీద రుణావేశం, పొట్టులోని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీద ధనావేశం ఉంటాయి కనుక రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

తర్వాత ఆ గింజను నీళ్లలో కలిపి, ఒక పక్క నుంచి 6.25 గ్రాముల అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్ ద్రావణాన్ని, ఇంకో పక్క నుంచి పలచని అమ్మోనియాను రెండు గంటలపాటు చుక్కలుగా వదలాలి. పీహెచ్ 7.5 దగ్గర నిలవాలి. ఇంతకు మించి పొట్టు ఎందుకు వద్దంటే, 10 నానోమీటర్ల గింజ చుట్టూ 2 నానోమీటర్ల పొట్టు వేసినా పొట్టు బరువు దాదాపు గింజ బరువుతో సమానమవుతుంది. అంటే గ్రాముకు వచ్చే అయస్కాంత బలం అప్పుడే సగానికి పడిపోయినట్టు. తొందరపడి గుమ్మరిస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ గింజను వదిలేసి విడిగా కట్టుకుంటుంది. బీకరు పక్కన నియోడిమియం అయస్కాంతం ఆనిస్తే ఆ సంగతి బయటపడుతుంది. నల్లటి సరుకు గోడకు చేరాక నీళ్లు తేటగా ఉండాలి, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటే అది విడిపోయిన పొట్టే. తేటగా కనిపించినా లైటు ఆర్పి లేజర్ పాయింటర్ వేసి చూడండి. నీళ్లలో ఎర్రటి గీత వెలిగిందంటే కణాలు ఇంకా తేలుతున్నాయి, ఆ నీళ్లు తాగకూడదు.

ఇక బోరు నీళ్లు. మన గ్రానైట్ రాళ్లలోంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్‌తోపాటు బైకార్బనేట్ ఎక్కువ, పీహెచ్ తరచు 8 చుట్టుపక్కల ఉంటుంది. అల్యూమినా మీది ధనావేశం పీహెచ్ 8, 9 మధ్యకు వచ్చేసరికి దాదాపు ఆరిపోతుంది. ఫ్లోరైడ్ కూర్చోవాల్సిన చోట బైకార్బనేట్, సిలికేట్ వచ్చి కూర్చుంటాయి. ఒక ఇంటికి రోజుకు 20 లీటర్లు, ఫ్లోరైడ్ లీటరుకు 4 మి.గ్రా. నుంచి 1కి దించాలనుకుందాం. తీయాల్సింది 60 మి.గ్రా. పొడి గ్రాముకు 50 మి.గ్రా. పడుతుందంటే 1.2 గ్రాములు చాలు. అసలు నీళ్లలో 2 మి.గ్రా. మాత్రమే పట్టిందా, రోజుకు 30 గ్రాములు కావాలి. ఒక ఇంటి ఖర్చు ఈ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది.

కొలతలోనూ ఒక మోసం ఉంది, కావాలని చేయకపోయినా జరిగిపోతుంది. పొట్టు కొంచెం కరిగి అల్యూమినియం నీళ్లలోకి వస్తే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని, ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌కు కనబడకుండా చేస్తుంది. ఫ్లోరైడ్ తగ్గినట్టు అంకె వస్తుంది, ఫ్లోరైడ్ మాత్రం గ్లాసులోనే ఉంటుంది. అల్యూమినియాన్ని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపించే సీడీటీఏ అనే రసాయనం ఉన్న టిసాబ్ ద్రావణం (ఫ్లోరైడ్ కొలతకు ముందు కలిపేది) కలిపి కొలిస్తేనే నిజం తెలుస్తుంది. అల్యూమినియాన్ని కూడా 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టకుండా, నీళ్లను ఉన్నవి ఉన్నట్టు ఆమ్లంతో కరిగించి కొలవాలి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మి.గ్రా., వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఉండవచ్చు. అల్యూమినియం 0.03, వేరే దారి లేనప్పుడు 0.2 మి.గ్రా. దాటకూడదు.

మీ పత్రికకు మా మనవి. నానో ఫిల్టర్ వార్త వేసేటప్పుడు పరీక్షించిన నీళ్ల పీహెచ్, బైకార్బనేట్, శుద్ధి తర్వాత మిగిలిన అల్యూమినియం, ఇనుము అడిగి వేయండి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పీజీ విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా ఇస్తే ఊరి బోరు నీళ్లతోనే ఇవన్నీ కొలవవచ్చు. పొడిని సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగి మళ్లీ వాడితే సిలికా, అల్యూమినా ఒక్కో విడత కొంత కరుగుతాయి. కాబట్టి ఐదో విడత అంకె కూడా అడగండి. కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. సున్నం వేసి ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా దించినా, పైన తేరిన నీళ్లలో లీటరుకు సుమారు 8 మి.గ్రా. ఫ్లోరైడ్ మిగిలే ఉంటుంది. దాన్ని బోరు పక్క ఇంకుడు గుంతలో పోయకుండా చూడాలి.

ఇట్లు,
రసాయనశాస్త్ర అధ్యాపకులు, నల్లగొండ