ప్రవాసంలో పోయినవారి పేరు నిలిచే చోటు ఉండాలి

సంపాదకుడిగారికి,

అయ్యా,

అమెరికాలోని తెలుగు సంఘాలు గుడులు కట్టడం గురించీ, మహాసభలు జరపడం గురించీ మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తుంటాయి. ఇక్కడ ఎవరైనా హఠాత్తుగా చనిపోతే భౌతికకాయాన్ని స్వగ్రామానికి చేర్చడానికి చందాలు పోగుచేసిన వార్తలూ వస్తుంటాయి. అయితే ముప్పై నలభై ఏళ్లు ఇక్కడే బతికి, ఇక్కడే కన్నుమూసిన మనిషి పేరు ఈ నేల మీద ఎక్కడ మిగలాలన్నది మాత్రం ఎవరూ చర్చించరు. నేనుండే మిల్వాకీకి మనకన్నా శతాబ్దం ముందే వచ్చి స్థిరపడిన జర్మన్లు ఈ సంగతిని ఎలా తేల్చుకున్నారో తెలుసుకోవడం మనకు ఉపయోగమని భావించి, వారిలో ఒకడైన జోసెఫ్ ష్లిట్జ్ ఉదంతాన్ని మీ పాఠకుల ముందుంచుతున్నాను.

బీరు సీసాల మీద ష్లిట్జ్ పేరు చూసినవారు ఆ కంపెనీని ఆయనే స్థాపించాడని అనుకుంటారు. నిజానికి ఆ బ్రూవరీని 1849లో మొదలుపెట్టినవాడు బవేరియాలోని మిల్టెన్‌బర్గ్ నుంచి వచ్చిన ఆగస్ట్ క్రుగ్. ఒక చిన్న భోజనశాల, దానికి అనుబంధంగా బీరు తయారీ, అంతే ఆయన వ్యాపారం. మరుసటి ఏడు ఆయన తండ్రి ఎనిమిదేళ్ల మనవణ్ణి వెంటబెట్టుకుని కొడుకు దగ్గరికి బయల్దేరితే, వారెక్కిన హెలెనా స్లోమన్ అనే ఆవిరి ఓడ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. ప్రయాణికుల్లో ఎక్కువమందిని దారిన పోతున్న మరో ఓడ ఎక్కించుకుంది. ఆ పెద్దాయన మనవణ్ణే కాక తన వెంట ఉన్న 800 డాలర్ల విలువైన బంగారాన్నీ దక్కించుకుని ఒడ్డు చేరాడు. ఆ సొమ్ముతోనే కొడుకు బీరు నిల్వకు నేలమాళిగలు కట్టించాడు, లెక్కలు రాయడానికి ఒక గుమాస్తాను పెట్టుకున్నాడు. 1831లో మైన్జ్ నగరంలో పుట్టి, చేతిలో పెద్దగా ఆస్తి లేకుండా వలస వచ్చిన ఆ గుమాస్తాయే ష్లిట్జ్.

నేలమాళిగకు అంత ప్రాముఖ్యం ఎందుకో చెప్పాలి. జర్మన్లు తమతో తెచ్చుకున్న లాగర్ బీరు చల్లని చోట నెమ్మదిగా పులిసి, ఆ తరువాత దాదాపు గడ్డకట్టేంత చలిలో వారాల తరబడి నిలవ ఉంటేనే తేటపడుతుంది. యంత్రాలతో చల్లదనం పుట్టించడం ఇంకా వాడుకలోకి రాని ఆ రోజుల్లో, శీతకాలంలో చెరువుల మీదా నదుల మీదా కోసిన మంచుగడ్డలను భూగర్భపు గదుల్లో పేర్చి వేసవి దాకా కాపాడుకునేవారు. మిల్వాకీలో మంచుకూ కరువు లేదు, ఆ బీరు తాగే జర్మన్లకూ కరువు లేదు.

క్రుగ్ 1856లో చనిపోయాడు. బ్రూవరీ నిర్వహణ ష్లిట్జ్ చేతికి వచ్చింది. రెండేళ్ల తరువాత ఆయన క్రుగ్ భార్య ఆనా మరియాను పెళ్లి చేసుకుని, సంస్థకు తన పేరు పెట్టాడు. దీన్ని గుమాస్తా అదృష్టంగా చెప్పి నవ్వుకునేవారున్నారు. మొదటి భర్త కష్టార్జితాన్ని చెదిరిపోనివ్వకుండా, ఇద్దరు భర్తల తరువాత కూడా, 1887లో తాను చనిపోయే వరకు ఆ సంస్థలో వాటా నిలుపుకున్న ఆ మహిళను ఆ కథ చెప్పేవారు తలుచుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1871 అక్టోబరులో పొరుగునున్న షికాగో నగరం తగలబడిపోయింది. నీటి సరఫరా కేంద్రం కూడా కాలిపోయి తాగునీటికే కటకటగా ఉన్న ఆ నగరానికి ష్లిట్జ్ పీపాల కొద్దీ బీరు పంపాడు. దీన్ని కేవలం దానంగా కీర్తించడానికి నా మనసు ఒప్పుకోదు. షికాగోలోని బ్రూవరీలు కూడా బూడిదైనందున అక్కడి గిరాకీ మిల్వాకీ వ్యాపారులకు దక్కింది, ఆయన అమ్మకాలు బాగా పెరిగాయి. అయినా ఆపదలో ఉన్న ఊరికి ముందుగా చేయి అందించిన పేరూ ఆయనకే దక్కింది. ‘మిల్వాకీకి పేరు తెచ్చిన బీరు’ అని ఆ కంపెనీ తరువాతి కాలంలో చేసుకున్న ప్రచారానికి మూలం అక్కడుందని చెబుతారు.

1875 వసంతంలో ష్లిట్జ్ పుట్టిన ఊరు చూసి రావాలని న్యూయార్క్‌లో షిల్లర్ అనే జర్మన్ ఓడ ఎక్కాడు. మే 7 రాత్రి దట్టమైన పొగమంచులో ఆ ఓడ ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న సిలీ దీవుల దగ్గర రాళ్లకు కొట్టుకుంది. ఆ దారిన పోయే ఓడలు తాము దాటిపోతున్నట్టు తెలపడానికి తుపాకులు పేల్చే ఆనవాయితీ ఉండడంతో, ఆపదలో పేల్చిన తుపాకుల చప్పుడును దీవులవారు మొదట పట్టించుకోలేదు. ఓడలో ఉన్న 372 మందిలో 335 మంది చనిపోయారు. తెల్లవారాక ఆ దీవులవారే పడవలు వేసుకుని వెళ్లి బతికినవారిని కాపాడారు. కొట్టుకొచ్చిన శవాలను, వారి ఊరూ పేరూ తెలియకపోయినా, తమ చర్చి ఆవరణలో పూడ్చిపెట్టారు. ష్లిట్జ్ శవం మాత్రం దొరకలేదు. వారం గడిస్తే ఆయనకు నలభై నాలుగేళ్లు నిండేవి.

శవం దొరకలేదు కదా అని ఆయన మనుషులు ఊరుకోలేదు. మిల్వాకీలో 1850లో ఏర్పడిన ఫారెస్ట్ హోమ్ శ్మశానవాటికలో ఆయన పేరున పెద్ద స్మారకం నిలిపి, దాని మీద ఆయనను బలిగొన్న ఓడ బొమ్మను చెక్కించారు. కింద సమాధి లేదు. అదే వాటికలో పాబ్స్ట్, బ్లాట్జ్ వంటి సాటి బీరు వ్యాపారులు నిజంగానే ఖననమై ఉన్నారు. చూసేవారికి ఆ రాళ్ల మధ్య తేడా తెలియదు. మనలోనూ శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది కనుక ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. కాకపోతే మన విధి కర్మతో ముగుస్తుంది, వారిది రాతి మీద పేరుగా ఊళ్లో మిగిలింది. క్రుగ్ మేనల్లుళ్లయిన యూలైన్ సోదరులు ష్లిట్జ్ పేరుతోనే ఆ కంపెనీని దేశంలోని అతిపెద్ద బ్రూవరీల్లో ఒకటిగా పెంచారు. వారిలో పెద్దవాడైన ఆగస్ట్, ఒకప్పుడు మునిగిన ఓడ నుంచి తాతతో కలిసి బయటపడిన ఆ ఎనిమిదేళ్ల బాలుడే. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధాన్ని కూడా తట్టుకున్న ఆ కంపెనీ 1981లో మిల్వాకీ కర్మాగారాన్ని మూసేసింది, మరుసటి ఏడు అమ్ముడుపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు కార్యాలయాలున్నాయి.

1965 నాటి వలస చట్టం తరువాత మన రాక పెరిగింది. మొదట వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్ల తరం ఇప్పుడు వెళ్లిపోతోంది. ఇక్కడ దహనం చేసి, అస్థికలను గోదావరిలోనో కృష్ణలోనో కలిపిన తరువాత, ఆ మనిషి పనిచేసిన ఊళ్లో ఆనవాలు ఉండదు. సమాధి కట్టడం మన సంప్రదాయం కాదని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. పల్నాటి వీరులకు కారంపూడిలో గుడి కట్టుకున్నవాళ్లం, ఊరూరా వీరగల్లులు నిలుపుకున్నవాళ్లం, అందులోనూ ఖననం ఆచారంగా గల తెలుగువారు అనేకులు మనలో ఉండగా, పేరు చెక్కిన రాయికి ఇంత సంకోచం అక్కర్లేదు.

నా సూచన ఇది. ప్రతి నగరంలోని తెలుగు సంఘం మహాసభల నిధుల్లో కొంత పక్కనపెట్టి, అక్కడి శ్మశానవాటికలో చిన్న స్థలం తీసుకుని, ఒకే గోడ మీద చనిపోయినవారి పేరు, స్వగ్రామం, సంవత్సరం చెక్కించాలి. అస్థికలు ఎక్కడ కలిపినా, శరీరం ఇంటికి చేరినా చేరకున్నా, చదువుకోవడానికి వచ్చి ప్రమాదాల్లో పోయిన పిల్లల పేర్లతో సహా అన్నీ ఒకే వరుసలో ఉండాలి. కులం, మతం, డిగ్రీలు రాయకూడదు. స్థలం కొనడానికి అయ్యే ఖర్చు, స్థానిక నిబంధనలు, నిర్వహణ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నలపై ఇప్పటికే ఈ పని చేసిన సంఘాలేవైనా ఉంటే వారి అనుభవాలను మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ప్రవాస పాఠకుడు,
మిల్వాకీ, విస్కాన్సిన్