డన్‌క్విన్‌లో సముద్రం ఒక్కటే లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం సంచికలో ఐర్లండ్ పడమటి తీరం మీద వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ డన్‌క్విన్ అనే ఊరి గురించి రాస్తూ కొండ అంచులు, రేవుకు దిగే మెలికల దారి, సూర్యాస్తమయం చెప్పి ఆపేశారు. అక్కడి జనం ఇంట్లో మాట్లాడేది ఐరిష్ అన్న సంగతే లేదు, అది చూసి బాధేసింది.

నేనుండేది డబ్లిన్‌లో, వీలు దొరికినప్పుడల్లా డన్‌క్విన్ ఉన్న కెర్రీ కౌంటీ వైపు వెళ్తుంటాను. డన్‌క్విన్ ఉన్నది గేల్టాక్ట్‌లో, అంటే ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో. అక్కడ రోడ్డు బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి, రూలే అది, మన మ్యాపులో ఇంగ్లీషు పేర్లు మాత్రమే ఉంటే తికమక తప్పదు. బయల్దేరే ముందే రెండు పేర్లూ రాసిపెట్టుకోమని వ్యాసంలో ఒక్క మాట ఉంటే ఎంత పనికొచ్చేది!

ఆ వైపు ఒక పబ్‌లో ఇద్దరు పెద్దవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి ఐరిష్‌లో గలగలా మాట్లాడుకుంటున్నారు, మేం లోపలికి అడుగు పెట్టగానే ఇంగ్లీషులోకి మారిపోయారు. మర్యాద కొద్దీ చేశారు, కాదనను. కానీ వేసవంతా టూరిస్టులు వస్తూనే ఉంటారు, వచ్చిన ప్రతివాళ్ల కోసం ఇలా మారుతూ పోతే సొంత ఊళ్లో వాళ్ల భాష వాళ్లు మాట్లాడుకునేది ఎప్పుడు?

డన్‌క్విన్‌కు ఎదురుగా కనిపించే గ్రేట్ బ్లాస్కెట్ దీవి 1953లో ఖాళీ అయిపోయింది. కుర్రవాళ్లు అమెరికా వెళ్లిపోయారు, తుఫాను రోజుల్లో డాక్టరు కూడా అందని చోట ముసలివాళ్లు ఎన్నాళ్లుంటారు? 1970లో ప్రభుత్వం డన్‌క్విన్ బడిని మూసేస్తే మాత్రం ఊరివాళ్లు ఊరుకోలేదు, పోరాడి 1973లో మళ్లీ తెరిపించుకున్నారు. నాకు ఆ ఊరంటే ఇంత గౌరవం అందుకే. 2022 జనాభా లెక్కల ప్రకారం, బడి చదువుల్లో మాట్లాడేది పక్కన పెడితే, రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు గేల్టాక్ట్ అంతా కలిపి 20 వేల పైచిలుకే. పైగా తీరంలో ఇళ్లు సెలవుల విడిదులుగా మారిపోతుంటే ఐరిష్ వచ్చిన కొత్త జంటలకు సొంత ఊళ్లోనే ఇల్లు దొరకడం కష్టమైపోయింది.

ఈసారి ఆ తీరం గురించి వేసేటప్పుడు ఇవి కూడా రాయండి. ఐరిష్ మాట్లాడే కుటుంబాలు నడిపే బసల్లో దిగమని, ఆ దీవివాళ్ల జీవితాన్ని చూపే, డన్‌క్విన్‌లోని బ్లాస్కెట్ సెంటర్ మ్యూజియానికి ఓ పూట కేటాయించమని చెప్పండి. పలకరింపులు నాలుగు నేర్చుకుని వెళ్లమనండి. కొట్లోంచి బయటికొస్తూ ‘స్లాన్’ అని సెలవు తీసుకున్నా చాలు, అవతలివాళ్లు ఐరిష్‌లోనే బదులిస్తారు.

– ఒక పాఠకురాలు, డబ్లిన్