వాగ్దాన కార్డు మీద రాని వచనం

గుంటూరు
31 మార్చి 2026, మంగళవారం రాత్రి

ఒరేయ్ ప్రకాశూ,

"ప్రభువునందు ప్రియమైన" అని మొదలుపెడితే నవ్వుతావని నేరుగా పేరు పెట్టే పిలుస్తున్నాను. మొన్న ఫోన్లో "మళ్లీ పొద్దున్నే బైబిలు పట్టుకుంటున్నావంట, నీ డౌట్లన్నీ తీరిపోయాయా?" అని అడిగావు. పక్కన మనుషులుండేసరికి ఏదో అనేసి పెట్టేశాను. తీరలేదురా. ఒక్కటీ తీరలేదు. అయినా చదువుతున్నాను. అదెలా కుదిరిందో ఫోన్లో చెప్పేది కాదు, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చర్చిలో పూర్తి సభ్యులయ్యే ముందు పెట్టే మన కన్ఫర్మేషన్ క్లాసు గుర్తుందా? చర్చి సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి మన చేత బట్టీ పట్టించారు. ఒక్కో ఆజ్ఞ కింద "దీనికి అర్థమేమి?" అని ఉండేది. ప్రశ్నా వాళ్లదే, జవాబూ వాళ్లదే. నువ్వొక్కడివే "మొదటి మనుషులు ఆదాము హవ్వలైతే, వాళ్ల కొడుకు కయీను పెళ్లాం ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?" అని సొంత ప్రశ్న వేసి, మిగతా గంటంతా వేపచెట్టు కింద నిలబడ్డావు. ఆజ్ఞలు ఎంత వంటబట్టాయో తెలీదు గానీ, చర్చిలో నోరు మూసుకోవడం మాత్రం నేను ఆ రోజే నేర్చుకున్నాను. పాపం లూథరుని అనడానికి లేదు. 1517లో 95 వాదాలు రాసి చర్చి పెద్దల్ని నిలదీసినవాడు ఆయన. ఆయన పుస్తకం చేతిలో పెట్టుకునే నిన్ను చెట్టు కింద నిలబెట్టారు.

నాన్న సంగతి నీకు తెలుసు. ఉపవాస ప్రార్థనలు, గొలుసు ప్రార్థనలు, నూనె రాయడం, చేయనిది లేదు. 61 ఏళ్లకే పోయారు. ఆదరణ కూడికలో ఒకాయన నా భుజం మీద చెయ్యేసి "ఇంకాస్త విశ్వాసం ఉండాల్సింది బాబూ" అన్నాడు. నీకు చెప్పలేదు గానీ, ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది. ఆ తర్వాత ఆదివారాలు సాక్ష్యాల సమయం వస్తే బయటికెళ్లి చెప్పులు చూసుకుంటూ నిలబడేవాణ్ణి. జ్వరం తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు లేచి చెబుతారు. బాగవ్వనివాళ్ల తరఫున లేచి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

చర్చి మానలేదు. ఇంట్లో ప్రార్థన మాత్రం ఆగిపోయింది. భోజనం ముందు కళ్లు మూసుకుని పది లెక్కపెట్టేవాణ్ణి. పిల్లలు అది ప్రార్థనే అనుకునేవాళ్లు. మధ్యలో బుద్ధి పుట్టి, ఏడాదిలో బైబిలు పూర్తిచేసే చార్టు గోడకంటించి నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ బలుల నియమాలతో నిండిన లేవీయకాండమే ఆపేసింది.

ఈసారి చార్టు లేదు, పెద్దమ్మ ఉంది. గ్లకోమాతో ఆమెకి చూపు పూర్తిగా పోయింది, మా ఇంట్లోనే ఉంటోంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన నుంచి వచ్చి, కొత్త ఏడాదికని చర్చిలో ఒక్కో వచనం రాసిచ్చే వాగ్దాన కార్డు, తనకొచ్చింది, నా చేత చదివించుకుంది. చదివాక "అబ్బాయ్, రేపట్నించి బైబిల్లోంచి రోజుకో కీర్తన చదివి పెట్టు" అంది. నాకు అంత నమ్మకం లేదు పెద్దమ్మా అన్నాను. "నమ్మకం నేను చూసుకుంటాలే, నువ్వు గట్టిగా చదువు. వరసలో చదువు, దాటెయ్యకు" అంది.

ఆ వరసలో చదవడమేరా నన్ను దొరకబుచ్చుకుంది. కీర్తనలంటే నాకు తెలిసినవి గోడల మీద ఫ్రేము కట్టించుకునేవే: 23, 91, 121. మిగతావి ఎవరు చదివారు? 13వ కీర్తన ఉన్నది ఆరు వచనాలు, మొదలే నన్నెన్నాళ్లు మరిచిపోతావని దేవుణ్ణి నిలదీయడం. 22వది నా దేవా, నన్నెందుకు విడిచావని సిలువ మీద యేసు నోట వచ్చిన కేకతో మొదలవుతుంది. 44 చివర్లో అయితే ఏకంగా లేవయ్యా, ఎందుకు నిద్రపోతున్నావని దేవుణ్ణే అడుగుతారు. మన మాస్టారైతే వీళ్లందర్నీ వేపచెట్టు కిందికి పంపేవాడు.

మొన్న, ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం పొద్దున 88వ కీర్తన వచ్చింది. నేను ముందే చూసుకున్నాను, పండగ పూట ఇదెందుకు, దాటేద్దామా అనిపించింది. కానీ మాటిచ్చాను కదా. 18 వచనాలు. చివరిది ఇదీ: "చీకటియే నాకు బంధువర్గమాయెను." అంతే. తర్వాత ఏమీ లేదు. నేను ఆగాను.

"అయిపోయిందా?" అంది పెద్దమ్మ.

"అయిపోయింది."

టీ గ్లాసు కింద పెట్టింది. కాసేపు ఊరుకుని, "నాకైతే చీకటి చుట్టం కూడా కాదురా, ఇంట్లో మనిషైపోయింది. ఆ మాట పుస్తకంలో ఉందని నాకిన్నాళ్లూ ఎవరూ చదివి చెప్పలేదు" అంది. అని, టైమవుతోంది, మట్టలు తీసుకో అని లేచింది. ఊరేగింపులో హోసన్నా పాడుతూ నడిచాను. నోట్లో హోసన్నా, లోపల ఆ చీకటి మాట.

ఆ వచనం ఏ వాగ్దాన కార్డు మీదా రాదు. కానీ ఆ కీర్తన పైన ఏముందో చూడు: "ప్రధానగాయకునికి". అంటే దాన్ని రాసిన హేమాను ఎక్కడో మూల కూర్చుని ఏడ్చి దాచుకున్నది కాదది, సభలో పాడటానికి ఇచ్చింది. చివర ఒక ఆశ వచనం అతికించడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? ఎవరూ అతికించలేదు. నేను చెప్పులు చూసుకుంటూ బయట నిలబడ్డ మాటలకి లోపల పాట ఉందన్నమాట.

మర్నాడు 89. "కృపాతిశయము" అని మొదలయ్యేసరికి, సరే, జవాబొచ్చింది అనుకున్నా. 38వ వచనం దాకా వెళ్లేసరికి మళ్లీ ఫిర్యాదే! పెద్దమ్మ నవ్వింది.

ఇవాళ 90. మోషే ప్రార్థన. మన ఆయుష్కాలం డెబ్బది సంవత్సరాలు, బలముంటే ఎనభై అని. చదువుతూనే లెక్క వేసేశాను. ఎప్పుడూ పెద్దమ్మే ప్రార్థన చేస్తుంది, నేను వింటాను. ఇవాళ ఆమె మొదలుపెట్టకముందే నా నోటి వెంట వచ్చేసింది: "ప్రభువా, మా నాన్నకి ఇంకా తొమ్మిదేళ్లు రావాలి. అవేవి?" ఇంకేం రాలేదు. కళ్లు తెరవడానికి సిగ్గేసింది. పెద్దమ్మ "ఆమేన్" అంది. తిట్టలేదు, సర్దిచెప్పలేదు. రాత్రి భోజనం దగ్గర పది లెక్కపెట్టడం మర్చిపోయాను.

ఇంతేరా సంగతి. దీన్ని ఉజ్జీవం, అంటే విశ్వాసం మళ్లీ చిగురించడం, అంటారో లేదో నాకు తెలీదు. ఎవరైనా సాక్ష్యం చెప్పమంటే మాత్రం మళ్లీ చెప్పుల దగ్గరికే పోతాను.

శనివారం నాన్న సమాధికి సున్నం వేయిస్తున్నాను. ఈస్టర్ తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగిస్తాం. హైదరాబాదు నుంచి శనివారం రాత్రికల్లా దిగు. ఆదివారం వంతు 95వ కీర్తన, 11 వచనాలే, నువ్వే చదవాలి. కయీను పెళ్లాం సంగతి పెద్దమ్మనే అడుగు. తనకి తెలుసంటుంది, నాకు మాత్రం చెప్పదు.

నీ
సుధాకర్