పేగుల సంగతి, మనసు సంగతి

ప్రియమైన మిత్రమా,

డిప్రెషన్ మాత్రలు మానేసి, మేలుచేసే బ్యాక్టీరియా నింపిన ప్రొబయోటిక్ క్యాప్సూల్స్‌తో గడుపుకోవచ్చా అని నువ్వు అడిగినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మాత్రలు మాత్రం మానవద్దు. అలాగని నువ్వు విన్నదంతా గాలికబురు కూడా కాదు.

2011లో ఐర్లండ్‌లోని కార్క్, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఒక లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను ఎలుకలకు తినిపిస్తే, వాటిలో ఆందోళన, ఒత్తిడి హార్మోను రెండూ తగ్గాయి. పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడిని కోసిన ఎలుకలలో మాత్రం ఆ మార్పు కనిపించలేదు. కబురు ఏ దారిన మెదడుకు చేరుతోందో అంత స్పష్టంగా తేల్చిన ఆ ప్రయోగం నాకు ఇప్పటికీ అద్భుతంగానే తోస్తుంది. అయితే అదే బ్యాక్టీరియాను ఆరోగ్యవంతులైన మగవారికి ఇచ్చి చూసినప్పుడు, ఉత్తుత్తి మందు కంటే అది మెరుగేమీ కాదని 2017లో కార్క్ వారే ప్రకటించారు. ఎలుకల ఫలితాన్ని చూపించి క్యాప్సూల్స్ అమ్మేవారు ఈ రెండో సంగతి చెప్పరు. మనసు స్థితితో ముడిపడ్డ సెరటోనిన్ అనే రసాయనంలో సుమారు తొంభై శాతం పేగులలోనే తయారవుతుందన్న మాట నిజమే కానీ, అది రక్తంలోంచి మెదడులోకి దాటిపోలేదు.

నీకు పనికివచ్చే అధ్యయనం 2023లో లండన్ కింగ్స్ కాలేజీ నుంచి వచ్చింది. మందులు వాడుతున్నా పూర్తిగా తేరుకోని 49 మందిలో కొందరికి ఎనిమిది వారాలు ప్రొబయోటిక్, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ప్రొబయోటిక్ తీసుకున్నవారిలో కుంగుబాటు ఎక్కువగా తగ్గింది. వారెవరూ మాత్రలు మానలేదు, ఇది తోడుగా వేసుకున్నారు. అంత చిన్న ప్రయోగం మీద నీ ప్రాణాన్ని పందెం పెట్టడం నాకు సమ్మతం కాదు.

తిండి విషయంలో నాకు ఆశ ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే పరిశోధకురాలి బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో, పన్నెండు వారాల పాటు కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ప్రధానంగా తిన్నవారిలో 32 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. తిండికి బదులు మాటల తోడు అందుకున్నవారిలో 8 శాతమే. మన ఇళ్లలో పెరుగుంది, చద్దన్నముంది. ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరిమీద ఉడికాక అందులో బ్యాక్టీరియా బతకదు కాబట్టి దాన్ని ఈ లెక్కలో వేయకు. పెరుగు రోజూ తిను, కానీ ప్రయోగాలలో వాడిన రకాలే అందులో ఉంటాయని అనుకోకు.

ఈసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్ డబ్బాను వెంట తీసుకువెళ్లు. మెక్‌మాస్టర్ వారు పేగుల బాధతో పాటు దిగులు కూడా ఉన్న 44 మందిలో ఒక బిఫిడోబాక్టీరియం రకాన్ని పరీక్షించినప్పుడు దిగులు కొంత తగ్గింది కనుక, నువ్వు ఎప్పుడూ దాచుకునే ఆ కడుపుబ్బరం సంగతి కూడా తప్పకుండా చెప్పు. ఆయన ఏమన్నారో అదే రోజు నాకు ఫోన్ చేసి చెప్పాలి.

నీ మిత్రుడు