ఇక మా కిట్లలో పట్టుపురుగులు ఉండవు

పిల్లలు పట్టుపురుగులు పెంచి గమనించే మా కిట్ ఈసారి తీసుకున్న తల్లిదండ్రులకు, టీచర్లకు: పట్టుపురుగులు చాలామంది ఇళ్లలో గూడు కట్టకముందే చనిపోయాయి. డబ్బులు వాపస్ ఇస్తాం, లేదంటే కొత్త కిట్ పంపుతాం. మీ ఇష్టం.

మాకు పురుగులు, మల్బరీ ఆకు సప్లై చేసే ఆయన మాత్రం "నల్లగొండ ఎండకు తట్టుకోలేదు" అంటున్నాడు. ఎండ ఎదురు మాట్లాడదు కదా! చనిపోయే ముందు పురుగులు తల ఊపుతూ పసరు కక్కాయి, ఒళ్లు ముడుచుకుపోయింది. అవి మందు కొట్టిన ఆకు తిన్న లక్షణాలు. పక్క చేనులో కొట్టిన మందు గాలికి వచ్చి పడ్డా మల్బరీ ఆకు విషమే. ఆయన ఆకు పక్కనపెట్టి పెరటి చెట్టు ఆకు వేసినవాళ్ల పురుగులు ఇదే ఎండలో గూళ్లు అల్లాయి. ఇంకేం రుజువు కావాలి?

వేరేచోటి నుంచి తెప్పించాలా, మానేయాలా అన్నదాని మీదే చాలా తర్జనభర్జన పడ్డాం. పట్టుచిలుక ఎగరలేదు, క్లాసులో నిశ్చింత. పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి దాదాపు 25 రోజుల్లో గూటికి వస్తుంది, టీచర్ ముందే తేదీ వేసుకోవచ్చు. ఇవన్నీ వదులుకోవడం మాకూ కష్టమే. కానీ ఆకు ఏ చేనుదో తెలియకుండా పిల్లల చేతికి ప్రాణమున్న డబ్బా ఇవ్వం.

కొత్త కిట్‌లో పురుగు ఉండదు, కుండీలో కరివేపాకు మొక్క ఉంటుంది. ఆరుబయట పెడితే నిమ్మ సీతాకోకచిలుక తానే వచ్చి లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. బత్తాయి తోటల జిల్లాలో దానికి కొదవా? ఏ రోజు వస్తుందని మాత్రం మమ్మల్ని అడగొద్దు.

గుడ్డున్న రెమ్మను నీళ్ల సీసాలో పెట్టి మూతి చుట్టూ దూది కుక్కండి, లేదంటే పురుగు జారి మునిగిపోతుంది. దాన్ని పెద్ద డబ్బాలో ఉంచి పైన దోమతెర గుడ్డ కట్టాలి. డబ్బాకు మూడు పురుగులు మించొద్దు. అడుగు కాగితం రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. బజారు కరివేపాకు కడిగినా వేయొద్దు. బయట పెరిగిన పురుగును తేవొద్దు, దాని ఒంట్లో పరాన్నజీవి కందిరీగల పిల్లలు ఉండొచ్చు. చిన్న పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పారేసేరు! పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, తాకితే తల వెనక కొమ్ముల జత చాచి వాసన కొడుతుంది.

పొద్దున గళ్ల కాగితం మీద ఆకు అంచు గీయించి, సాయంత్రం మిగిలింది గీయిస్తే ఎన్ని గళ్లు తిన్నదో తేలుతుంది. కుబుసాన్ని అదే తినేస్తుంది, తల డొప్ప మిగిలితే నోట్‌బుక్‌లో అంటించండి. పురుగు మట్టి బొమ్మలు పుస్తకంలో బొమ్మ చూసి కాదు, పిల్లలు కొలిచిన పొడవుకు ఐదింతలు లెక్కన చేయించండి.

పట్టుపురుగులే కావాలనేవాళ్లు ముందు మందు సోకని మల్బరీ చెట్టు చూపించండి, తర్వాత మాట్లాడదాం.