ఫోటోలో ఎడమ చివర నిలబడ్డది నువ్వేనా?

కళ్యాణదుర్గం,
ఫిబ్రవరి 22.

చిరంజీవి మహేశ్‌ను మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరమూ క్షేమంగా ఉన్నాము. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత నెమ్మదించింది. కనుమ నాడు నువ్వు పంపిన "పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను" అనే ఒక్క ముక్క తప్ప ఈ ముప్పై ఎనిమిది రోజుల్లో నీ నుంచి మరో మాట లేదు. ఫోనులో మాట్లాడదామంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది కనుక, కాగితం మీద రాసి, శైలజ చేత ఫోటో తీయించి పంపిస్తున్నాను. తీరిక చేసుకొని చివరి దాకా చదువు.

నువ్వు శాన్ యాంజెలోకు మారుతున్నానన్నప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషించినవాణ్ణి నేను. అమెరికాలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం టెక్సస్ అనీ, అందులో ఆ ఊరి గొర్రెల సంత దేశంలోనే పేరుమోసినదనీ తెలిసి, గాలిమరల ఉద్యోగానికి వెళ్ళిన మనవాడు తిరిగి తిరిగి గొర్రెల ఊరికే చేరాడని మీ పెదనాయనతో చెప్పుకున్నాను. అక్కడి పొట్టేలు ఎంత తూగుతుంది, ఏ నెలలో ఈనుతాయి, మందకు కాపలా ఎవరు ఉంటారు, ఇవన్నీ రాయమని నిన్ను అడిగాను. ఆ సంగతులేవీ నీ దగ్గర నుంచి రాలేదు గానీ, పది రోజుల కిందట ఫ్రిస్కో నుంచి సుధ ఒక ఫోటో పంపింది.

ఒక పెద్ద పికప్ బండి వెనుక, నేల మీద ముప్పైకి పైగా కయోటీలను, అంటే నక్కలాంటి అక్కడి అడవి జంతువులను, చంపి వరసగా పడుకోబెట్టారు. వాటి వెనుక ఐదుగురు తుపాకులతో నిలబడ్డారు. ఎడమ చివర ఉన్న మనిషి ముఖం టోపీ నీడలో సరిగా కనిపించలేదు గానీ, వాడు తొడుక్కున్న మెరూన్ స్వెటరు మీ అమ్మ అనంతపురంలో కొన్నదే. తెల్లవారుజాము నుంచి మరునాటి దాకా ఎవరు ఎక్కువ చంపితే వారికి నగదు బహుమతి ఇచ్చే పోటీ అట అది. అన్నిటికన్నా బరువైన దానికి వేరే బహుమతి ఉందట. ఇదంతా సుధ ఎవరి దగ్గరో విన్న మాట. విన్న మాటను పట్టుకొని కొడుకును నిలదీసే అలవాటు నాకు లేదు కనుక ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

ఈ పది రోజులూ ఆ జంతువును గురించి దొరికినంత చదివాను. అది మన గుంటనక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. ఒకప్పుడు పశ్చిమాన ఉన్న మైదానాల్లో, ఎడారుల్లో మాత్రమే ఉండేదట. తోడేళ్ళను మనుషులు తుడిచిపెట్టిన చోటల్లా అది కాలు పెట్టి, ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాలకూ, షికాగో వంటి మహానగరాల నడిబొడ్డుకూ చేరింది. క్రూరమృగాల వల్ల ఆ దేశంలో చచ్చే గొర్రెల్లో సగానికి పైగా దీని నోటికే పోతాయి. 1942లో 5.6 కోట్లు ఉన్న గొర్రెలు ఈనాడు 50 లక్షల దగ్గరకు వచ్చాయంటే, దానికి నైలాను బట్టలూ, జనం మాంసం రుచి మారడమూ, కాపరులు దొరకకపోవడమూ కూడా కారణాలే. అయినా, ఉన్న కాస్త మందలోనూ పొద్దున్నే గొంతు తెగిన పిల్లలు కనిపిస్తే ఆ మనిషి పడే బాధ ఎలాంటిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కయోటీని చంపే ప్రతివాడూ పాపాత్ముడని నేను అనడం లేదని నువ్వు ముందుగా గ్రహించాలి.

1974లో నాకు పన్నెండేళ్ళు. వేరుశనగ పీకిన చేలలో ఎరువు కోసం మందలు పెట్టించుకునే రోజులు. మన ఎనభై గొర్రెలనూ రెడ్డిగారి చేలో ఆపి, మా నాయన, మీ పెదనాయన, నేను అక్కడే కంబళ్ళు కప్పుకొని పడుకునేవాళ్ళం. ఒక్క వారంలో తోడేలు మూడు గొర్రె పిల్లలను ఎత్తుకుపోయింది. మూడోది కవల పిల్లల్లో ఒకటి. తల్లి రెండు రోజులు మేత ముట్టకుండా అరిచింది. నాలుగో రాత్రి ఒక ముసలి గొర్రెను పట్టుకుంది గానీ, మేము కేకలు వేసి దివిటీ పట్టుకొని పరుగెత్తేసరికి సగం తిని వదిలిపోయింది. మీ పెదనాయనకు అప్పుడు పదిహేడేళ్ళ ఉడుకు రక్తం. మా నాయన పొరుగూరు వెళ్ళిన పూట చూసి, రెడ్డిగారి పంటకు తెచ్చిన ఎండ్రిన్ అనే పురుగుమందు డబ్బాలో నుంచి కొంత ఒంపుకొచ్చి, ఆ మిగిలిన కళేబరానికి పూసి వంక గట్టున పడేశాడు. డబ్బా మూత పట్టుకొని పక్కన నిలబడ్డది నేను.

మరునాడు పొద్దున మొదట కాకులు కనిపించాయి, ఆరో ఏడో, కాళ్ళు పైకి పెట్టి. కొంచెం అవతల రెండు రాబందులు ఎగరబోయి, రెక్కలు నేలకేసి కొట్టుకుంటూ, మధ్యాహ్నానికి చచ్చాయి. వంకలో నీళ్ళ దగ్గర ఒక గుంటనక్క పడి ఉంది. మా మంద కుక్క కర్రెడు కనిపించకపోతే, కుందేలు వెంట పోయి ఉంటుందనుకున్నాం. పొద్దు వాలే వేళకు అది తూలుకుంటూ వచ్చింది. అప్పుడే ఊరి నుంచి వచ్చి కూర్చున్న మా నాయన పాదం మీద తల పెట్టి, నురగ కక్కుతూ, వణికి వణికి ప్రాణం విడిచింది. ఆయన మీ పెదనాయనను కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. గుంత తానే తవ్వి, కర్రెడును కంబళిలో చుట్టి పూడ్చి, ఆ రాత్రి చలిలో కప్పుకోవడానికి ఏమీ లేకుండా కూర్చున్నాడు. తోడేలుకు మాత్రం ఏమీ కాలేదు. పదకొండో రోజున వచ్చి ఇంకొక పిల్లను తీసుకుపోయింది.

ఆ తరువాత ఆయన రాయదుర్గం వైపు కాపరి దగ్గర రెండు కుక్కపిల్లలను తెచ్చి గొర్రె పిల్లల మధ్యనే పెంచాడు. మెడలకు ఇనుప ముళ్ళ పట్టీలు చేయించాడు. దొడ్డి చుట్టూ కంప రెండింతల ఎత్తు వేశాడు. చిన్న పిల్లలను గంపల కింద మూయడం మొదలుపెట్టాడు. తాను దొడ్డి బయట కాక లోపల పడుకున్నాడు. నష్టం పూర్తిగా ఆగలేదు, తగ్గింది. పోయిన ప్రతి పిల్లకూ ఆయన తిట్టుకున్నాడు, కానీ ఎండ్రిన్ మాట మళ్ళీ ఎవరినీ ఎత్తనివ్వలేదు. ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేసి, విషం తిన్న పశువును ఎవరు తెచ్చినా నాకు కర్రెడే కళ్ళ ముందు నిలిచేది.

ఆ దేశంలో ఇదే సంగతి ఒక చేలో కాక ఖండమంతటా జరిగింది, మహేశ్. 1931లో చట్టం చేసి, ప్రభుత్వమే మనుషులను పెట్టి, స్ట్రిక్నైన్, 1080 అనే విషాలతో దశాబ్దాల పాటు కయోటీలను చంపించింది. గద్దలూ, కుక్కలూ, అడ్డొచ్చినవన్నీ చస్తున్నాయని గోల పెరిగాక, 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూముల్లో ఆ విషాలను ఆపించాడు. అయినా నేలలో పాతి, కొరికితే నోట్లోకి సైనైడ్ చిమ్మే గొట్టాలు కొనసాగాయి. 2017లో ఐడహోలో ఇంటి వెనుక గుట్ట మీద అలాంటి గొట్టాన్ని తెలియక ముట్టుకున్న ఒక పిల్లవాడు బతికి బయటపడ్డాడు గానీ, వాడి కళ్ళ ముందే వాడి కుక్క చచ్చిపోయింది. అది చదివి నేను ఆ పూట భోజనం దగ్గర నుంచి లేచిపోయాను. ఈనాటికీ ఫెడరల్ వ్యవసాయ శాఖలోని వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ వారు ఏటా సుమారు 60 వేల కయోటీలను చంపుతున్నారు, వేటగాళ్ళు చంపేవి దీనికి అదనం. అయినా అవి తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో పశువుల మధ్య బతికినవాడికి తెలుస్తుంది. కయోటీల గుంపులో సాధారణంగా ఒక పెద్ద జంటే పిల్లలను కంటుంది, మిగిలినవి ఊరుకుంటాయి. ఆ జంటను చంపితే గుంపు చెదిరి, ఏడాది వయసు ఆడవి కూడా ఈనడం మొదలుపెడతాయి. తినే నోళ్ళు తగ్గినందున పుట్టిన కూనలు ఎక్కువగా బతుకుతాయి. ఖాళీ అయిన నేలకు తిరుగుబోతులు వచ్చి చేరతాయి. ఏటా నూటికి 75 చంపుతూ పోయినా పూర్తిగా అంతరించడానికి యాభై ఏళ్ళకు పైగా పడుతుందని 1975లోనే కాలిఫోర్నియాలో లెక్కగట్టారు. అక్కడే హాప్లాండ్‌లో గొర్రెల మధ్య చేసిన పరిశోధనలో, పిల్లలను చంపేవి చాలా వరకు ఆ తావును ఏలే పెద్ద జంటలేనని తేలింది. ఇక పోటీలో జరిగేదేమిటి? కుందేలు ఏడుపును యంత్రంలో వినిపించి, దానికి వచ్చిన దాన్నల్లా కాలుస్తారు. అలా వచ్చేది ఎక్కువగా అనుభవం లేని కుర్ర జంతువు. అది గొర్రెను ఎన్నడూ ముట్టి ఉండకపోవచ్చు. ఈనే కాలంలో తన దొడ్డి చుట్టూ తిరుగుతున్న జంటను కాపలా కాసి కాల్చే కాపరినీ, తూకం బహుమతి కోసం ఎక్కడెక్కడి నేలల మీదనో రాత్రంతా బండిలో తిరిగేవాణ్ణీ నేను ఒక గాటన కట్టలేను. ఆ ఫోటోలో ఉన్నది నువ్వే అయితే, నేను అడిగేది ఒక్కటే: తన పిల్లలు పోతున్నాయని ఒక గొర్రెల యజమాని పిలిస్తే వెళ్ళావా, పోటీ కోసం వెళ్ళావా?

టెక్సస్‌లో అది చట్టానికి విరుద్ధం కాదని నువ్వు అనవచ్చు. నిజమే. కాలిఫోర్నియా 2014లో బహుమతులను ఆపింది, వెర్మాంట్ 2018లో పోటీలనే ఆపింది, తరువాత న్యూ మెక్సికో, అరిజోనా, కొలరాడో, న్యూయార్క్ ఆపాయి, మీ రాష్ట్రం ఆపలేదు. నిర్వహించేవారు రైతుకు మేలు చేస్తున్నామంటారు, కొన్నిచోట్ల వచ్చిన డబ్బు మంచి పనికి ఇస్తారట. వాళ్ళ మనసు చెడ్డదని నేను అనను, నీకు భోజనం పెట్టి ఆదరించిన స్నేహితులను నిందించను. చేతికి తుపాకీ ఇచ్చి పదిమంది రమ్మన్నప్పుడు కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాడు కాదనలేడని కూడా తెలుసు. నువ్వు ఎంత ఒంటరిగా ఉన్నావో మాకు చెప్పకపోవడమే నన్ను బాధిస్తున్నది.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఆ ఫోటోను శైలజ చేత పెద్దది చేయించి చూశాను. చేతులకు గ్లవ్స్ లేవు, కుడి బొటనవేలి దగ్గర ఎర్రగా ఒక గీత ఉంది. అది గాయమా, నెత్తురు మరకా? దక్షిణ టెక్సస్‌లో కయోటీల్లో రేబిస్ పెచ్చుమీరితే, 1995 నుంచి విమానాల్లో నుంచి టీకా మందు పెట్టిన ఎరలు జల్లి అదుపు చేశారు, తుపాకులతో కాదు. ఆ కుక్కల రకం రేబిస్ అమెరికాలో పోయిందని 2007లో ప్రకటించారు గానీ, కుచ్చు తోక ఉండి కంపు చిమ్మే స్కంకులనే జంతువుల్లో, గబ్బిలాల్లో వేరే రకాలు ఇంకా ఉన్నాయి, వాటి నుంచి దేనికైనా సోకవచ్చు. కళేబరం లాలాజలం చేతి గాయానికి తగిలిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, ఇన్ని రోజులయిందని ఊరుకోకుండా రేపే డాక్టరును కలిసి టీకా గురించి అడుగు. ఆ జంతువుల పేడలో బద్దెపురుగు గుడ్లు కూడా ఉంటాయి, బూట్లు ఇంట్లోకి తేవద్దు. వీసా మీద ఉన్నవారు తుపాకీ పట్టడం అక్కడ మామూలుగా నేరమనీ, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయనీ చదివాను. నీకు ఆ లైసెన్సు ఉందా? చీకట్లో ఐదుగురు ఐదు వైపుల నుంచి కాల్చే చోటికి మళ్ళీ వెళ్ళకు.

వీలైతే ఒక ఆదివారం గొర్రెలున్న ఇంటికి వెళ్ళు. అక్కడ గ్రేట్ పైరెనీస్ అనే పెద్ద తెల్ల కుక్కలను మందలోనే పెంచుతారట, గాడిదలనూ కాపలాకు పెడతారట. వాటిని ఎన్ని వారాల వయసులో గొర్రెల్లో కలుపుతారో అడిగి రాయి. మా నాయన అయితే కుక్కపిల్లలు కళ్ళు సరిగా తెరవక ముందే కలిపేవాడు.

స్వెటరుకు నెత్తురు అంటి ఉంటే చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టు, వేడినీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది. మీ అమ్మకు ఆ ఫోటో ఇంకా చూపించలేదు. శనివారం సాయంత్రం ఆరున్నరకు ఆమె ఆంజనేయస్వామి గుడికి వెళుతుంది, నీకప్పుడు ఉదయం ఏడు గంటలు. నేను ఫోను పక్కన పెట్టుకొని వసారాలోనే కూర్చుంటాను.

ఇట్లు,
మీ నాన్న